బోర్లించని గరిటె

"వంటయింది. గిన్నెలు ఎక్కించుకోండి. నేను మాత్రం రాను."

ఆ మాట అనేసి కోడలు చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. కడిగిన చేతుల్నే మళ్లీ కడుగుతోంది. నిన్న సాయంత్రం నుంచి ఆ ఇంట్లో ఎవరి నోటా తిన్నగా ఒక మాట రాలేదు. వచ్చిన మొదటి మాట ఇదీ.

మొగుడు గుమ్మంలో నిలబడి వ్యాను తాళాలు వేలికి తిప్పుతూ గడియారం చూశాడు. తొమ్మిదింపావు. పది గంటల్లోపు భోజనాల బండి సెట్టు గేటు దాటాలి. ఆ తర్వాత షాటు మొదలైందంటే గేటు దగ్గర కాపలావాడు కదలనివ్వడు.

"ఎందుకు రావు?"

"ఒంట్లో బాగాలేదు."

"నూట ఇరవై మందికి వండేదాకా బాగానే ఉందిగా."

"వండేదాకా బాగుంది. ఇప్పుడు బాగాలేదు."

అతను తల్లి వైపు చూశాడు. ఆవిడ రొట్టెల డబ్బాలకి మూతలు పెడుతోంది. సెట్టు మీద ఆవిడని అందరూ గరిటెమ్మ అంటారు. ఇరవై ఆరేళ్లుగా సినిమా వాళ్లకీ సీరియల్ వాళ్లకీ వండి పెడుతున్న మనిషి. ఎంత పెద్ద హీరో అయినా ఆవిడ ముందు కంచం పట్టుకుని నిలబడాల్సిందే. అంతటి మనిషి ఈ పూట మూతలు పెట్టడమే మహా పనన్నట్టు తల వంచుకుని కూర్చుంది.

"నువ్వైనా చెప్పమ్మా."

"రానన్నవాళ్లని మోసుకుపోతామా? ఉండనీ."

"నిన్న పెద్దాయన నలుగురిలో అమ్మని మెచ్చుకున్నాడనేగా నీ బాధ," అన్నాడు అతను భార్యతో. "మెచ్చుకుంటే తప్పేంటి? పేరు ఎవరికి వచ్చినా మనింటికి వచ్చినట్టు కాదా? ఒక్క మాటకి ఇంత రాద్ధాంతమా?"

కోడలు కొళాయి కట్టేసింది. అత్త చేతిలో మూత ఆగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. చూసుకోకపోవడంలోనే చాలా మాటలు నడిచాయి. మధ్యలో నిలబడ్డ మగవాడికి మాత్రం అందులో ఒక్కటీ వినబడలేదు.

నిన్న జరిగింది చిన్న విషయం కాదు. సీరియల్లో తాతగా వేసే పెద్దాయన భోజనం మధ్యలో లేచి నిలబడ్డాడు. ఆయన లేస్తే డైరెక్టరుతో సహా అందరూ లేస్తారు. నిచ్చెనల మీంచి దిగిన లైట్లవాళ్లు, రంగు అంటకుండా మెడకి కాగితాలు చుట్టుకున్న నటులు, నిలబడే తినే అసిస్టెంట్లు, అందరూ డేరాలో చేతులు ఆపి చూశారు.

"నలభై ఏళ్లుగా సెట్ల మీద తింటున్నాను," అన్నాడాయన. "చల్లారినవి తిన్నాను, ఎండిపోయినవి తిన్నాను, ఏ పూటవో తెలియనివి తిన్నాను. ఈ మూడు నెలలు మాత్రం మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని ఎదురుచూశాను. తెర మీద కనబడేది మేమే గానీ, మమ్మల్ని నిలబెట్టింది ఈ చెయ్యి."

అని గరిటెమ్మ కుడిచెయ్యి పట్టుకుని పైకెత్తాడు. చప్పట్లు మోగాయి. వెనక నీళ్ల జగ్గు పట్టుకుని నిలబడ్డ కోడలి చేతిలోంచి ఆ జగ్గు జారి పడింది. ఆమె దాన్ని తీయకుండానే డేరాలోంచి వెళ్లిపోయింది.

ఈ మూడు నెలలూ అన్నాడాయన. ఆ ముక్కే గుచ్చుకుంది. మూడు నెలల కిందట అత్తకి పది రోజులు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ నాలిక తిరిగి రాలేదు. ఉప్పూ తెలియదు, పులుపూ తెలియదు, మాడు వాసన కూడా పట్టలేదు. అప్పటి నుంచి ప్రతి గిన్నే కోడలు వండిందే.

"ఎవరికీ చెప్పకు," అంది అత్త అప్పట్లో, ఆమె రెండు చేతులూ పట్టుకుని. "మీ ఆయనకి కూడా. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. రుచి తెలియని వంటమనిషంటే రేపే మనల్ని తీసేస్తారు."

కోడలు ఒప్పుకుంది. ఒప్పుకున్నప్పుడు చప్పట్ల సంగతి ఆలోచించలేదు.

"ఇవాళ షెడ్యూలు ఆఖరిరోజు," అన్నాడు మొగుడు, గొంతు కాస్త తగ్గించి. "మేకింగ్ వీడియో వాళ్లు కెమెరా పెడతారు. అమ్మ కూర కలిపి, రుచి చూసి, రెండు ముక్కలు మాట్లాడాలట. అది చూసి కొత్త సినిమాకి కూడా మనకే ఇస్తారని మేనేజరు అన్నాడు. అలాంటిరోజు ఇలా మొహం ముడుచుకుని కూర్చుంటే ఎలా?"

"రుచి చూడాలా?" అంది కోడలు. అత్త వైపు సూటిగా చూసి అంది. "చూస్తారులెండి. అలవాటేగా."

అత్త లేచింది. "ఎక్కించరా," అంది కొడుకుతో. కోడలికి వీపు తిప్పి నడుస్తూ, "ఇరవై ఆరేళ్లు నువ్వు లేకుండానే వండాను," అని మాత్రం అంది.

అది అనకుండా ఉండాల్సింది. వ్యాను కదిలి వీధి మలుపు తిరిగేదాకా ఆ మాట వంటగదిలోనే ఉంది.

కోడలు ఒంటరిగా గట్టు తుడిచింది. పొయ్యిలు తుడిచింది. తుడిచిందల్లా గట్టిగా, కసిగా తుడిచింది. ఇరవై ఆరేళ్లు వండారు కాబట్టి ఇరవై ఆరేళ్ల చప్పట్లూ మీవే తీసుకోండి, నాకు ఈ మూడు నెలలవి చాలు, అని గోడతో అంది. గోడ ఎదురు చెప్పలేదు కాబట్టి ఇంకో రెండు మాటలు కూడా అంది.

గుడ్డ ఉతికి మేకుకి తగిలించబోయి ఆగిపోయింది. మేకుకి గరిటె వేలాడుతోంది.

పొడుగు కాడ ఇత్తడి గరిటె. అది కూర గిన్నె మూత మీద బోర్లించి ఉండాలి.

ఆ అలవాటు వాళ్ల వంటలో ఎప్పటి నుంచో ఉంది. తినే సీన్లు ఉన్నరోజు రెండు గిన్నెలు వండుతారు. ఒకటి యూనిట్‌కి. ఇంకోటి కెమెరా ముందు పెట్టడానికి, ఉప్పు లేకుండా. ఒకే ముద్దని పదిహేనుసార్లు తినాల్సిన నటుడు ఉప్పూ కారం ఉన్నది తింటే సాయంత్రానికి మంచమెక్కుతాడు. రెండూ తారుమారు కాకుండా, ఉప్పు పడిన గిన్నె మీద గరిటె బోర్లిస్తారు. బోర్లించిన గరిటె లేకపోతే ఆ గిన్నెలో ఇంకా ఉప్పు పడనట్టే. జ్వరం తర్వాత అత్తకి నాలిక పని కూడా ఆ గరిటే చేస్తోంది. అది చూసుకునే ఆవిడ సెట్టు మీద స్పూను నోట్లో పెట్టుకుని, కళ్లు మూసి, తల ఊపుతుంది.

ఇవాళ కూరలో కోడలు ఉప్పు వేసింది. రుచి చూసింది. సరిపోయింది. గరిటె బోర్లించలేదు.

మరిచిపోయిందా? లేక మరిచిపోతే పోయిందిలే అనుకుందా? ఆ ప్రశ్న దగ్గర ఆమె ఎక్కువసేపు నిలబడలేకపోయింది.

మొగుడికి ఫోను చేసింది. ఎత్తలేదు. ఎత్తడు కూడా. సెట్టు లోపలికి వెళ్లేముందు ఫోన్లన్నీ ఒక డబ్బాలో వేయించుకుంటారు. మూడోసారి చేస్తూనే చెప్పులు వేసుకుని, తలుపుకి తాళం పెట్టి, బస్సు కోసం పరిగెత్తింది.

రెండు బస్సులు మారి, షాటు అయ్యేదాకా గేటు దగ్గర ఆగి, ఆమె డేరా చేరేసరికి ఒంటిగంట దాటింది. మధ్యాహ్నం విరామం అప్పుడే ఇచ్చారు. చిక్కుడు గింజల కూర గిన్నె బల్ల మీద పొగలు కక్కుతోంది. దాని ముందు అత్త, అత్త ముందు కెమెరా, కెమెరా పక్కన చేతులు కట్టుకుని మేనేజరు. మొగుడు రొట్టెల డబ్బాల దగ్గర ఉన్నాడు. భార్యని చూసి కనుబొమలు ఎగరేశాడు. ఆమె వేళ్లు దగ్గరికి చేర్చి, చిటికెడు ఉప్పు చల్లుతున్నట్టు ఆడించి, గిన్నె వైపు చూపించింది. అతను చూపు తిప్పుకున్నాడు.

"ఇప్పుడు రుచి చూడండి పెద్దమ్మా," అన్నాడు కెమెరా అబ్బాయి.

అత్త స్పూనుతో కాస్త తీసి ఊది నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసింది. తల ఊపింది.

"సరిగ్గా కుదిరింది," అంది.

కోడలు గిన్నె దాకా వెళ్లింది గానీ అప్పటికే మొదటి కంచం పెద్దాయన చేతికి వెళ్లిపోయింది. కెమెరా ఆయన వైపు తిరిగింది. ఆయన రొట్టె తుంచి కూరలో అద్ది తిన్నాడు. రెండుసార్లు నమిలాక దవడ ఆగింది. మెల్లిగా మింగి, నీళ్ల గ్లాసు అందుకుని, సగం తాగి కింద పెట్టాడు. ఏమీ అనలేదు. నలభై ఏళ్లు నటించిన మనిషి కాబట్టి మొహంలో కూడా ఏమీ పడనివ్వలేదు.

వెనక వరసలో నిలబడ్డ లైట్ల మేస్త్రి మాత్రం నటుడు కాదు.

"అబ్బా, ఉప్పు. ఉప్పు కషాయంలా ఉంది," అన్నాడు, నోట్లోది కాగితంలోకి ఊసేస్తూ.

మేనేజరు వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. మొహం చిట్లించాడు.

"ఇదేంటి పెద్దమ్మా? ఇప్పుడేగా రుచి చూసి కుదిరిందన్నారు?"

అత్త బల్ల అంచు పట్టుకుంది. ఆవిడ కళ్లు గిన్నె మీద, స్పూను మీద, మేనేజరు మీద తిరిగి, చివరికి కోడలి మీద ఆగాయి. మూడు నెలల్లో ఆవిడ కోడల్ని అంత భయంగా ఎప్పుడూ చూడలేదు.

"నేను వేశాను," అంది కోడలు.

డేరా అంతా ఆమె వైపు తిరిగింది.

"అత్తయ్య రుచి చూసినప్పుడు బాగానే ఉంది. తర్వాత నేను వచ్చి వేశాను. ఇంకా వేయలేదేమో అనుకుని వేసేశాను."

"ఎప్పుడు?"

"మీరంతా పెద్దాయన వైపు చూస్తున్నప్పుడు."

మేనేజరు ఆమెని కిందికీ పైకీ చూశాడు. "నిన్న చప్పట్లు కొడుతుంటే జగ్గు పడేసి వెళ్లిపోయింది నువ్వే కదూ?"

ఆమె గిన్నె వైపు చూసింది.

"పొద్దున రాలేదు. సరిగ్గా కెమెరా పెట్టినప్పుడు వచ్చావు. వచ్చి ఉప్పు వేశావు." అతను ఒక్కొక్క మాటా ఆపి ఆపి అన్నాడు, పక్కవాళ్లకి కూడా అర్థమయ్యేలా. "అత్తకి పేరొస్తే నీకంత కడుపుమంట దేనికమ్మా? ఉంటే ఇంట్లో చూసుకోండి. పొద్దున ఆరింటి నుంచి కొయ్యలు మోసినవాళ్ల నోటి దగ్గరా నీ కోపం?"

ఎవరో వెనక నుంచి "అదే కదా," అన్నారు. చెవులు వేడెక్కడం కోడలికి తెలుస్తోంది. తన వంట గురించి ఇంతమంది ముందు మాట్లాడాలని ఆమెకి ఎప్పటి నుంచో కోరిక. ఆ కోరిక తీరింది. ఇలా తీరింది.

"పావుగంట ఇవ్వండి," అంది. "బంగాళాదుంపలు ఉడకబెట్టి చిదిమి కలుపుతాను, ఉప్పు లాగేస్తుంది. అందరూ తినొచ్చు."

"నువ్వు ఆ గిన్నె ముట్టుకోకు."

"ఆకలి మీద ఉన్నారండీ."

"ముట్టుకోవద్దన్నానా? కొత్త సినిమాకి కూడా నువ్వు పొయ్యి దగ్గర కనబడకూడదు. పెద్దమ్మా, ఒప్పుకుంటేనే మాట ఇస్తాను. మొత్తం మీరొక్కరే చూసుకోవాలి. ఈ అమ్మాయి చెయ్యి పడకూడదు. సరేనా?"

కోడలు మొగుడి వైపు చూసింది. అతను రొట్టెల డబ్బా మూత తీసి మళ్లీ పెడుతున్నాడు. ఆ డబ్బాలో అప్పుడంత పనేమీ లేదు.

"అలాగే బాబూ," అంది అత్త.

అప్పుడు పెద్దాయన, కోడలు గిన్నె దగ్గరికి రాకముందే తన చేతికొచ్చిన ఆ కంచాన్ని పక్కన పెట్టాడు. లేవలేదు. కూర్చునే అడిగాడు.

"నాకొక్క సంగతి చెప్పు గరిటెమ్మా. నిన్న నేను తిన్న కూర ఎవరు వండారు?"

కెమెరా అబ్బాయి ఆపాలో నడపాలో తెలియక మేనేజరు మొహం చూశాడు. అత్త కొంగుతో పెదాలు తుడుచుకుంది. రుచే తెలియని పెదాలని ఎందుకు తుడుచుకుందో ఆవిడకే తెలియాలి.

"నేనే బాబూ."

ఆ మధ్యాహ్నం యూనిట్ అంతా వట్టి రొట్టెలూ, మేనేజరు బయట నుంచి తెప్పించిన పళ్లూ తిన్నారు. లైట్ల మేస్త్రి తన వంతు రొట్టె చేతిలో పట్టుకుని కోడలి పక్కనుంచి వెళ్తూ, "నీకు మేమేం చేశామమ్మా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అన్నా బాగుండేదనిపించింది ఆమెకి.

మూడింటికి గిన్నెలు కడిగి వ్యాను ఎక్కించారు. నిండా ఉన్న కూర గిన్నెని మూతపెట్టి తాడుతో కట్టారు. మొగుడు నడుపుతున్నాడు. పక్కన తల్లి. వెనక సీట్లో గిన్నెల మధ్య భార్య. వ్యాను గేటు దాటి రోడ్డు మీదకి వచ్చింది.

"సోమవారం నుంచే కొత్త సినిమా," అంది అత్త, అద్దంలోంచి బయటికి చూస్తూ. "ఏం చేద్దాం?"

"నన్నడుగుతారేంటి అత్తయ్యా? వండేది మీరేగా."

"నేనేం చెయ్యను మరి? అందరి ముందూ అడిగేశాడు."

"నన్నూ అందరి ముందే అడిగారు."

వ్యాను హఠాత్తుగా పక్కకి వచ్చి ఆగింది. గేటు ఇంకా వెనక అద్దంలో కనబడుతూనే ఉంది. అతను ఇంజను ఆపి స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు.

"అమ్మా. ఉప్పు నువ్వే వేశావు."

అత్త తల తిప్పలేదు.

"కెమెరావాళ్లు రాకముందు. గిన్నె దింపగానే మూత తీసి చూశావు. రెండు గుప్పెళ్లు వేసి కలిపావు. నేను పక్కనే ఉన్నాను. తను వచ్చేసరికి అంతా అయిపోయింది. మరి తను వేశానని అబద్ధం ఎందుకు చెప్పింది? రుచి చూసి కూడా కుదిరిందని నువ్వెందుకన్నావు?"

సమాధానం అత్త నుంచి రావాలి. కానీ మాట వెనక సీట్లోంచి వచ్చింది.

"చూశారా మీరు?"

అతను అద్దంలో భార్యని చూశాడు.

"ఉప్పు ఎవరు వేశారో మీకు తెలుసు," అంది ఆమె. గొంతు పెంచలేదు. "మేనేజరు నన్ను కడుపుమంట అన్నప్పుడు తెలుసు. గిన్నె ముట్టుకోవద్దన్నప్పుడు తెలుసు. అంతసేపూ రొట్టెల మూత తీసి పెట్టారు."

"అమ్మ పరువు పోతుందని ఆగాను. నువ్వే ఒప్పేసుకున్నావు కదా, మళ్లీ నేను మధ్యలో..."

"అత్తయ్య భయపడి ఊరుకున్నారు. మీకేం భయం?"

ఆమె తలుపు జరిపి రోడ్డు మీదకి దిగింది. ఎక్కడికి వెళ్లాలో తెలియలేదు. ఆ వ్యానులో కూర్చోకూడదని మాత్రం తెలిసింది. నాలుగడుగులు వేసి, రోడ్డు పక్క గోడ దగ్గర నిలబడి, అప్పుడు ఏడ్చింది. నిన్నటి చప్పట్లకి రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది.

ఆమె వెనక వ్యాను ముందు తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

"నాకు రుచి తెలియడం లేదురా," అంటోంది అత్త కొడుకుతో. "జ్వరం వచ్చినప్పటి నుంచీ. తీపికీ చేదుకీ తేడా లేదు. ఈ మూడు నెలలూ వండింది నీ పెళ్లామే. నీకు చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను."

ఆవిడ కాళ్లు నేల మీద మోపి, తలుపు పట్టుకుని లేచి నిలబడింది. కోడలి దగ్గరికి వస్తుందేమోననుకున్నారు ఇద్దరూ. ఆవిడ రాలేదు. కొంగు నడుముకి దోపుకుని, వ్యాను వచ్చిన దారినే వెనక్కి, సెట్టు గేటు వైపు నడవడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఎక్కడికి?"

"పెద్దాయన ఇంకా లోపలే ఉన్నాడు. ఆయనకి అబద్ధం చెప్పి వచ్చాను."

"ఇప్పుడా మాట చెప్తే కొత్త సినిమా పోతుంది. నీ పేరు పోతుంది. ఇంకెవరూ మనల్ని పిలవరు. అమ్మా, ఆగు."

ఆవిడ ఆగలేదు. అతను వ్యాను దిగి రెండడుగులు వేసి, భార్య వైపు తిరిగాడు.

"నువ్వు చెప్తే వింటుంది. వెళ్లి ఆపు."

కోడలు చెంపలు తుడుచుకుంది. గేటు దాకా వంద అడుగులు కూడా లేవు. అత్త అప్పటికే సగం నడిచింది. ఒక్కసారి పిలిస్తే వినబడేంత దగ్గరలోనే ఉంది. పిలిస్తే ఆగిపోతుందని కోడలికి తెలుసు. అలా ఎవరైనా పిలుస్తారనే ఆవిడ అంత మెల్లిగా నడుస్తోందని కూడా తెలుసు.

"వినబడుతోందా? ఆపమంటున్నాను."

"వినబడింది," అంది కోడలు.

అత్తని పిలవలేదు.